తోడల్లుడితో మంచుకొండకు

ఇది మంచుకూ మనిషికీ మధ్య జరిగిన మహాయుద్ధం. గడ్డకట్టిన సరస్సులు దాటి, ఊపిరి పీలిస్తే ముక్కులో సూదులు గుచ్చే చలిలో, అయిదుగురు తెలుగువాళ్ళు ఒక ధవళ శిఖరాన్ని ఢీకొన్న వీరగాథ. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. పిల్లల్ని పక్క గదిలోకి పంపించి చదవండి.

అక్కర్లేదు, పిల్లల్ని కూర్చోనివ్వండి. ఆ శిఖరం మీద ఒక కాఫీకొట్టు ఉంది, అడుగున ఇంకొకటి ఉంది, రెండింటికీ మధ్య ఉన్న ఏటవాలునే మిషిగన్‌లో కొండ అంటారు. మా రాష్ట్రంలో కొండలు తక్కువ. ఉన్నవాటిని పొదుపుగా వాడుకుంటారు. మృత్యువు ఎక్కడా ఎదురుపడలేదు. ఒకచోట ఎదురుపడిందని మా తోడల్లుడు చెబుతాడు గానీ, ఆ సమయంలో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

మా ఫ్రిజ్ తలుపు

మేముండేది ట్రాయ్‌లో, డెట్రాయిట్ శివారు. నేను కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుని. మా ఆవిడ కరుణ. ఆవిడ అక్క సుగుణ వదినగారు, ఆ వదినగారి భర్త డేవిడ్ రాజుగారు న్యూజెర్సీలో పార్సిప్పనీలో ఉంటారు. ఒకే ఇంటి అల్లుళ్ళం కనుక వరసకు నేనాయన్ని అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటాడు. ఇందులో ఆయన మాటే సహజంగా వినిపిస్తుంది.

డేవిడన్నయ్య గురించి చెప్పాలంటే, ఆయనకు జుట్టు ఉంది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, అయినా ఉంది. మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం ఉంది. వీటన్నిటినీ మించి, ఆయనకు ప్రార్థన చెయ్యడం వచ్చు. ఏలూరులో మా అత్తగారింట్లో అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళే, అందరూ ప్రార్థన చేసేవాళ్ళే. కానీ డేవిడన్నయ్య "ప్రేమగల తండ్రీ" అన్నాడంటే మా అత్తగారు కొంగు కళ్ళకద్దుకుంటుంది. అదే మాట నేనంటే గడియారం చూసుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నన్ను భోజనానికి ముందు ప్రార్థన చెయ్యమన్నారు. "ప్రభువా, ఈ ఆహారం నిమిత్తం స్తోత్రం" అని ముగించాను. అన్నం వేడిగా ఉన్నప్పుడే తినగలిగిన ఆ ఒక్కరోజును ఆ ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. మళ్ళీ నన్ను అడగలేదు.

కిందటి చలికాలం న్యూజెర్సీ నుంచి ఒక ఫొటో వచ్చింది. కాళ్ళకు స్కీలు, అంటే మంచుమీద జారడానికి కట్టుకునే పొడుగాటి పలకలు. ఒంటిమీద ఎర్రకోటు, నుదుటిమీదకు తోసిన నల్లకళ్ళద్దాలు, వెనక తెల్లగా మంచు. మధ్యలో డేవిడన్నయ్య, ఇప్పుడే ఆకాశం నుంచి దిగినట్టు నిలబడి ఉన్నాడు. ఒక మూల వదినగారి భుజం, సగం కోటు పడ్డాయి. కరుణ దాన్ని తెచ్చి అయస్కాంతంతో మా ఫ్రిజ్ తలుపు నడిమధ్య అంటించింది. అప్పటినుంచి పాలు కావాలన్నా, పెరుగు కావాలన్నా నేను మా తోడల్లుడి పొట్ట దాటుకుని వెళ్ళాలి.

ఇది భరించాను. ఆ తరువాత వచ్చిన ఫోనును భరించలేకపోయాను. వాళ్ళ కంపెనీలో యంత్రాలు చూసుకునే ఇంజనీరు ఉద్యోగం ఖాళీ అవుతోందట. వాళ్ళింటికి రెండిళ్ళ అవతల, ఆకుపచ్చ తలుపున్న ఇల్లు అమ్మకానికి వస్తోందట. "వచ్చెయ్యండి. అక్కచెల్లెళ్ళు ఒకచోట ఉంటారు. కొత్త సంవత్సరానికల్లా ఏ సంగతీ చెప్పండి" అన్నాడు డేవిడన్నయ్య.

న్యాయంగా చూస్తే ఎగిరి గంతెయ్యాలి. ఆ రోజుల్లో డెట్రాయిట్‌లో కార్లవాళ్ళ పరిస్థితి బాగాలేదు. మా ఆఫీసులో శుక్రవారం వచ్చిందంటే ఎవరో ఒకరు బల్లమీది ఫొటోలు అట్టపెట్టెలో సర్దుకుని వెళ్ళేవారు. అయినా నాకు కాలు కదలలేదు. జీవితాంతం ఆయనకు రెండిళ్ళ అవతల! ఆయన ఇప్పించిన ఉద్యోగం, ఆయన చూపించిన ఇల్లు, ఆదివారం ఆయన వెనక కారులో చర్చికి, అక్కడ ఆయన ప్రార్థన. నేను చచ్చిపోయినా ఆ ప్రార్థన ఆయనే చేస్తాడు, బాగా చేస్తాడు కూడా.

కరుణ మాత్రం ఏమీ తేల్చలేదు. "సెలవులకు వాళ్ళతో నాలుగు రోజులు గడుపుదాం. అప్పుడు ఆలోచిద్దాం" అంది. అంటే సెలవులయ్యేలోగా మిషిగన్ న్యూజెర్సీని గెలవాలి. మిషిగన్ తరఫున నేను.

కొండల ఎంపిక

ఆ ఎర్రకోటుకు జవాబు మంచుకొండమీదే చెప్పాలి. కార్లున్నవాళ్ళ మోటారు క్లబ్బుకు వెళ్ళి, స్కీకొండల గురించి ఉచితంగా ఇచ్చే రంగుల కాగితాలన్నీ తెచ్చి వంటింటి బల్లమీద పరిచాను. మన వైపు పెళ్ళిసంబంధాలు చూసినట్టే ఉంటుంది ఈ వ్యవహారం. ప్రతి కొండా ఫొటోలో అందంగానే ఉంటుంది. ఎత్తు కాస్త పెంచి చెబుతారు. అసలు సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కొలరాడోవి నిజంగా కొండలే, కానీ అక్కడికి విమానంలో వెళ్ళాలి. అయిదుగురి టికెట్లతో మన ఊళ్ళో పెళ్ళి చెయ్యొచ్చు. వెర్మాంట్ డేవిడన్నయ్య పాట. పెన్సిల్వేనియాలో పోకనో కొండలు ఆయన ఇంటికి దగ్గర, అంటే ఆయన రాజ్యం. ఇక మిగిలినవి మా ఉత్తర మిషిగన్ కొండలు. గుట్టలకు తమ్ముళ్ళు. వాటిలో ఒకదాని కాగితం మీద "కుటుంబాలకు అనుకూలం, గాలి తక్కువ" అని రాసి ఉంది. ఆ కొండ పేరు నేనిక్కడ రాయను. మీరు వెళ్ళి, నన్ను తిట్టుకుంటారు.

ఫోనులో చర్చ జరిగింది. కరుణ రిసీవరు తన చెవికీ నా చెవికీ మధ్య పట్టుకుంది.

"తమ్ముడూ, మిషిగన్‌లో కొండలున్నాయా?" అన్నాడు డేవిడన్నయ్య, నిజంగానే తెలియక.

"కొత్తగా పెడుతున్నారండీ" అన్నాను.

"అది కాదు, వెర్మాంట్ అయితే కొండంటే కొండ. నాకు అలవాటైన చోటైతే మా అమ్మాయికి కూడా నేర్పించొచ్చు..."

ఇక్కడ కరుణ రిసీవరు పూర్తిగా తనవైపు లాక్కుంది. "కాదు బావగారూ. ఎప్పుడూ మేమే వస్తున్నాం. ఈసారి మీరే మా మిషిగన్‌కు రావాలి. అంతే."

మా మిషిగన్! నా ఛాతీ చొక్కా గుండీలదాకా వచ్చింది. ఇంత ప్రేమ నామీద ఉందని తెలియక ఇన్నాళ్ళూ అంట్లు తోమడానికి వంతులు వేసుకున్నానే అనిపించింది. ఆ ప్రేమ సంగతి కొండమీద తేలింది, అక్కడికొస్తాను.

జపాన్ కారు

క్రిస్మస్ మర్నాడు వాళ్ళు వచ్చారు. డేవిడన్నయ్య, వదినగారు, వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు నాన్సీ. పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది గానీ ఆ తెలుగులో ఆడామగా అందరూ ఆడవాళ్ళే.

వచ్చింది జపాన్ కారులో. డెట్రాయిట్ శివారుకు జపాన్ కారు తేవడమంటే ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. ఆ కార్లవల్లే తమ ఉద్యోగాలు పోతున్నాయని ఇక్కడివాళ్ళ కోపం. మా పక్కింటాయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కర్టెన్ పక్కకు జరిపి ఆ కారునొకసారి, నన్నొకసారి చూశాడు. నేను గబగబా మా కారు గరాజులోంచి తీసి మంచులో పెట్టి, వాళ్ళ కారు లోపల దాచాను.

"అయ్యో, మీది బయట పెట్టావేం తమ్ముడూ?"

"మాది మిషిగన్ కారు అన్నయ్యగారూ. చలికే పుట్టింది" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోదామని చూశాను, కుదరలేదు.

మర్నాడు ఉదయం రెండు కార్లలో బయలుదేరాం. మనుషులకు ఒకటి చాలు. వదినగారు వండి తెచ్చిన గులాబీ పువ్వుల డబ్బాలు, కజ్జికాయల డబ్బాలు, పులిహోర, ఆయన సొంత స్కీలు, వీటికి రెండోది. అవును, సొంతవి. మనం అద్దెకు తెచ్చుకునేవి ఆయన కొనుక్కుంటాడు.

మా వాళ్ళలో ప్రయాణం మొదలుపెట్టే ముందు ప్రార్థన చెయ్యకుండా చక్రం కదలదు. వాకిట్లో గుండ్రంగా నిలబడ్డాం. డేవిడన్నయ్య మొదలుపెట్టాడు. దారిలోని ప్రతి వంతెన కోసం, ప్రతి లారీ డ్రైవరు కోసం, లారీ డ్రైవర్ల పిల్లల కోసం. చిన్నప్పుడు సండేస్కూలు నుంచీ నాకు ప్రార్థనలో ఒక కన్ను తెరిచి ఉంచే అలవాటుంది. ఆ కన్నుతో చూస్తే పక్కింటాయన తన గుమ్మంలో టోపీ తీసి నిలబడి ఉన్నాడు. ఆమెన్ అవగానే ఆ జపాన్ కారువాడికి చెయ్యి ఊపాడు! నాలుగేళ్ళుగా పక్కింట్లో అమెరికన్ కారు నడుపుతున్నాను, నాకు తల కూడా ఊపలేదు.

ఫ్రాంకెన్‌మత్‌లో కోడి

దారిలో ఫ్రాంకెన్‌మత్ అని జర్మన్‌వాళ్ళ ఊరు. ఇళ్ళు బొమ్మల కొలువులా ఉంటాయి. ఊరంతా కోడిమాంసం భోజనానికి ప్రసిద్ధి. మనిషికి ఎనిమిది డాలర్లిస్తే గిన్నెలు ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ నింపుతారు. మన పెళ్ళిబంతి లాంటిదే. మారు వడ్డించేటప్పుడు బలవంతం చెయ్యరు, అదొక్కటే లోటు.

కోడి ఎర్రగా వేగి వచ్చింది. వదినగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "పాపం, దీన్ని కొయ్యడం వరకే చేశారు" అంది. హ్యాండ్‌బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసింది. జర్మన్ గౌను వేసుకున్న వడ్డనావిడ వంగి వాసన చూసి, వేలితో కొంచెం నాలుకమీద రాసుకుని, రెండు చేతులతో బల్ల పట్టుకుంది. "ఇది మీరు పిల్లలకు కూడా పెడతారా?" అని అడిగింది. నాన్సీ లేదని తల ఊపింది. "నాకు పెట్టేవారు" అన్నాను. "అందుకేనా" అంది నన్ను చూసి. ఏమిటందుకో అడగలేదు.

అంతకుముందే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. గిన్నెలు రాగానే డేవిడన్నయ్య హోటల్లోనే, పైకే, తెలుగులోనే ప్రార్థన మొదలుపెట్టాడు. నాకు చెవులు వేడెక్కాయి. తెరిచి ఉన్న నా కన్నుతో చూస్తే పక్క బల్లమీద ముసలి రైతులు నలుగురు ఫోర్కులు కింద పెట్టి తలలు వంచారు. చివర మాతోపాటు ఆమెన్ అన్నారు. వాళ్ళలో ఒకాయన లేచివచ్చి డేవిడన్నయ్య చెయ్యి పట్టుకుని, "ఒక్క ముక్క అర్థం కాలేదు. మా పాస్టరు కంటే బాగుంది" అన్నాడు. తరువాత నావైపు తిరిగి, "ఈయన తమ్ముడివా? అదృష్టవంతుడివి" అన్నాడు.

నా కోడి చల్లారిపోయింది. ఆవకాయ ఎక్కువ వేసుకున్నాను.

కొండ అడుగున

కొండ దగ్గర చెక్కగదుల బస, ఎదురుగా పొడుగాటి హాలు, హాల్లో పెద్ద నిప్పుగూడు. స్కీలు, బూట్లు అద్దెకు తీసుకోవాలి. బూటు కాలికి తొడిగితే సిమెంటులో నాటినట్టుంటుంది. వాటితో నడుస్తుంటే ప్రతివాడూ తాగినవాడిలా కనిపిస్తాడు గనుక ఒకరినొకరు చూసి నవ్వుకోరు. ఆ మర్యాద నాకు నచ్చింది.

కరుణకు వేరే చిక్కు వచ్చింది. ప్యాంటు తొడుక్కుంటేనే గానీ స్కీలు కట్టరు. ట్రాయ్‌లో ప్యాంటు వేసుకుని కూరగాయలకు వెళ్ళే మనిషి, బావగారి ముందు ప్యాంటుతో ఎలా అని గదిలోంచి బయటికి రాలేదు. చివరికి ప్యాంటు మీద శాలువా నడుముకు చుట్టుకుని వచ్చింది. వదినగారు అసలు ఆ గొడవే పెట్టుకోలేదు. చీర, దానికింద రెండు జతల ఉన్నిమేజోళ్ళు, మెడచుట్టూ బొచ్చున్న పొడుగు కోటు. నిప్పుగూడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "నేను ఇక్కడినుంచి స్కీయింగ్ చేస్తాను" అంది. కరుణ ఆ కోటును చూసి, తన శాలువాను చూసుకుంది. చలికనుకున్నాను.

క్యాథీ అని ఒకమ్మాయి మాకు పాఠం చెప్పింది. స్కీల ముందుకొనలు దగ్గరికి, వెనకకొనలు దూరంగా పెడితే ఆగుతామని చెప్పి, పడిపోవడం ఎలాగో కూడా నేర్పింది. రెండోది నాకు ముందే వచ్చు. నాన్సీ అరగంటలో జారడం మొదలుపెట్టింది. డేవిడన్నయ్య పాఠానికి రాలేదు. ఎర్రకోటుతో ఓ పక్కగా, కర్రలమీద ఆనుకుని, మా తప్పుల్ని ప్రేమగా చూస్తూ నిలబడ్డాడు. క్యాథీ నన్ను మూడోసారి లేపుతూ, "మీ అన్నయ్య ఎప్పటినుంచి చేస్తున్నారు? నిలబడే తీరులోనే తెలుస్తోంది" అంది.

లిఫ్టు

కొండమీదికి నడవక్కర్లేదు. తీగకు వేలాడే కుర్చీలు తిరుగుతూ ఉంటాయి. ఇద్దరిద్దరుగా ఒక గీతమీద నిలబడితే కుర్చీ వెనకనుంచి వచ్చి మోకాళ్ళకు తగులుతుంది, కూర్చోవాలి, అది ఎత్తుకుపోతుంది. ఆగదు. మన సిటీబస్సులకు అలవాటైనవాళ్ళకు ఇది కష్టం కాదు.

వరుసలో ముందు నేనూ డేవిడన్నయ్యా, వెనక కరుణా నాన్సీ. మామీదుగా కుర్చీలు ఒకదాని వెనక ఒకటి గాల్లోకి లేస్తున్నాయి. డేవిడన్నయ్య వాటిని చూశాడు. 

"తమ్ముడూ, ఎక్కేముందు ఒక్కమాట ప్రార్థన చేసుకుందామా?"

"వరుస కదులుతోందండీ."

"ప్రేమగల తండ్రీ..." అప్పటికే కళ్ళు మూసేశాడు. వెనక కరుణా మూసింది. నాన్సీ కూడా మూసింది. నేను మామూలుగా ఒకటి మూశాను.

వరుస జరిగింది. ప్రార్థన జరుగుతూనే ఉంది. ఆయన మోచెయ్యి పట్టుకుని గీతమీదికి లాక్కొచ్చాను. లిఫ్టు నడిపే మనిషి కూర్చోమని అరుస్తున్నాడు. నా తెరిచిన కన్నుకు మలుపు తిరిగి వస్తున్న కుర్చీ కనిపించింది. ప్రార్థన ముగించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. గట్టిగా, "ఆమెన్!" అన్నాను.

మా వాళ్ళ ప్రార్థన విననివాళ్ళకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మా చర్చిల్లో ఒకరు ప్రార్థిస్తుంటే మిగిలినవాళ్ళు మధ్యమధ్య ఆమెన్, స్తోత్రం అంటుంటారు. అంటే బాగుంది, కానివ్వండి అని. జీవితంలో మొదటిసారి నా నోట ఆ మాట వినేసరికి డేవిడన్నయ్య పొంగిపోయాడు. గొంతు పెంచాడు. "అవును తండ్రీ! ఈ నా తమ్ముడి కోసం..."

నేను ఆయన్ని పక్కకు లాగబోయి, నా స్కీమీద నేనే కాలేసి, గీత అవతల బోర్లా పడ్డాను. కుర్చీ వచ్చింది. ఆయన మోకాళ్ళకు తగిలింది. పీటమీద కూర్చున్నట్టు కూర్చుని, కళ్ళు మూసుకునే, నా పేరు ఎత్తి ప్రార్థిస్తూనే, మా తోడల్లుడు పైకి వెళ్ళిపోయాడు.

కళ్ళు ఎప్పుడు తెరిచాడో కింద ఉన్న మా అందరికీ తెలిసింది. ప్రార్థనలో "తండ్రీ, తండ్రీ" అన్న కేక తప్ప మిగతా మాటలు ఆగిపోయాయి.

కరుణ ఎక్కనని కిందే ఉండిపోయింది. నన్ను లేపి, దులిపి, నాన్సీతో కలిపి తరువాతి కుర్చీల్లో ఒకదానిమీద కూర్చోబెట్టారు. సగం దూరం వెళ్ళామో లేదో లిఫ్టు ఆగింది, మళ్ళీ కదిలింది. ఎదురుగా కిందికి వచ్చే కుర్చీలన్నీ ఖాళీ. ఒక్కదానిలో మాత్రం ఎర్రకోటు.

"బాబాయ్! నాన్న మళ్ళీ వస్తుంది!" అంది నాన్సీ.

వచ్చాడు. పైన దిగమంటే దిగనన్నాడట. లిఫ్టు ఆపి, బతిమాలారట. వచ్చిన దారినే పంపించమన్నాడట. కుర్చీ మధ్యలో ఉన్న కడ్డీని రెండు చేతులా కావలించుకుని, నిటారుగా కూర్చుని, పైకి వెళ్తున్న ప్రతి కుర్చీకీ తల వంచి, "మెర్రీ క్రిస్మస్" చెబుతూ దిగుతున్నాడు. క్రిస్మస్ అయి రెండు రోజులైంది. అయినా ప్రతి కుర్చీ నుంచీ చేతులు ఊపుతున్నారు, ఈలలు వేస్తున్నారు. ఎన్నికల్లో గెలిచినవాణ్ణి ఊరేగించినట్టుంది. ఆయన కుర్చీ, మా కుర్చీ ఎదురెదురుగా వచ్చాయి.

"అన్నయ్యగారూ, ఎటు?" అన్నాను.

"కిందికి తమ్ముడూ. పైన చూసేశాను. బాగానే ఉంది."

నేను పైన దిగాను. పడలేదు. ఇక్కడ నిదానంగా చదవండి. అక్కడినుంచి కింది దాకా, క్యాథీ చెప్పినట్టు ముందుకొనలు దగ్గరికి పెట్టి, రెండు మలుపులు తిరిగి, ఒక్కసారి కూడా పడకుండా జారుకుంటూ వచ్చాను. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క అందమైన పని అది. కిందికొచ్చి చూస్తే నాన్సీ ఎప్పుడో వచ్చేసింది. జనమంతా ఎర్రకోటు చుట్టూ ఉన్నారు. కరుణ కడుపు పట్టుకుని నవ్వుతోంది.

"చూశావా?" అన్నాను.

"చూశానండీ! బావగారు దిగుతుంటే..."

నిప్పు దగ్గర

హాల్లో డేవిడన్నయ్య చేతికి ఎవరో వేడి చాక్లెట్ ఇచ్చారు, ఇంకెవరో తమ కుర్చీ ఇచ్చారు. క్యాథీ ఆయన భుజం తట్టింది. పడడంలో కూడా నాకంటే బాగా పడ్డాడు; నేను మంచులో పడితే చలి, ఆయన కుర్చీలో పడితే పండగ.

అప్పుడు వదినగారు మెల్లగా అంది: "ఎత్తంటే మీ అన్నయ్యకు మొదటినుంచీ భయమే. మా మేడమీద బల్బు మార్చడానికి కూడా నేనే ఎక్కుతాను."

"మరి ఆ ఎర్రకోటు ఫొటో?"

"అది కార్లు పెట్టే చోట తీసింది. వెనకాల ఉన్నది ట్రాక్టరు తోసిన మంచుకుప్ప."

ఆ క్షణంలో నాకు ఇంటికి వెళ్ళి మా ఫ్రిజ్ చూసుకోవాలనిపించింది. ఏడాదిపాటు నేను ఒక మంచుకుప్పను చూసి కుళ్ళుకున్నాను! కానీ ఆ ఆనందమూ ఎక్కువసేపు నిలవలేదు. డేవిడన్నయ్య ఆ ఫొటో కథను తనే హాలంతా వినేలా చెప్పుకుని, అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ మనిషి దగ్గర సిగ్గు కూడా లేదు. నాకది చాలా ఉంది. సిగ్గు లేకపోవడాన్ని కూడా ఆయన వాడుకోవడం చూసి అసూయపడ్డాను.

జనం పలచబడ్డాక నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"తమ్ముడూ, నీకొకటి చెప్పనా? పైనుంచి వస్తున్నప్పుడు కిందికి చూడ్డానికే భయమేసింది. నువ్వు 'ఎటు' అని అడిగావు చూడు, నవ్వొచ్చి భయం పోయింది. మా దగ్గర అందరూ నన్ను ప్రార్థన చెయ్యమనేవాళ్ళే. నన్ను ఎటు అని అడిగేవాడు ఒక్కడూ లేడు. వచ్చెయ్యి."

ఇది అన్యాయం. యుద్ధం మధ్యలో అవతలివాడు ఇలా మాట్లాడకూడదు.  ఆలోచిస్తే శుక్రవారాలు గుర్తొచ్చాయి, అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. ఆ ఆకుపచ్చ తలుపు మరీ అంత చెడ్డ రంగేమీ కాదనిపించింది.

చీకటిపడే ముందు కరుణా నేనూ బూట్లు తిరిగివ్వడానికి వెళ్తూ మంచులో నడిచాం. "వెళ్దామా, న్యూజెర్సీ?" అన్నాను. ఇంత త్యాగం చేస్తున్నప్పుడు మొహంలో కనిపించాలి గదా, కనిపించేలా పెట్టాను.

"వద్దండీ" అంది కరుణ.

"వద్దా? అక్క దగ్గర ఉండొచ్చు కదా?"

"అదేనండీ వద్దంటున్నది. ఏలూరులో బళ్ళో, చర్చిలో, పాలబ్బాయి దగ్గర కూడా నేను సుగుణ చెల్లెల్నే. అక్క గౌన్లు వేసుకుని పెరిగాను. అక్క చదివిన పుస్తకాలే చదివాను. ఇక్కడ ట్రాయ్‌లో నాకొక పేరుంది. అక్కడికెళ్తే మళ్ళీ సుగుణ చెల్లెలు."

"మరి వాళ్ళు మిషిగన్‌కే రావాలని నువ్వు పట్టుబట్టింది..."

"అక్కే నా ఇంటికి రావాలని. ఒక్కసారైనా."

నామీద ప్రేమ అక్కడ తేలింది. కొంత తగ్గి తేలింది.

"మరి బావగారి ఫొటో ఏడాదినుంచి ఫ్రిజ్ మీద ఎందుకుంది?"

"బావగారి ఫొటో ఏమిటి? మూలన అక్క కోటు చూడలేదా మీరు? మెడకు బొచ్చున్నది. అలాంటిది కొనుక్కుందామని పెట్టుకున్నాను."

ఒకే ఫ్రిజ్. ఒకే ఫొటో. ఆవిడ మూలకు చూస్తోంది, నేను మధ్యకు చూస్తున్నాను. ఇద్దరం పాలు తీసుకుని తలుపు వేస్తున్నాం.

"శుక్రవారాల సంగతో?" అన్నాను.

"వచ్చినప్పుడు చూద్దాం. నేనూ ఏదైనా పనిలో చేరతాను. మీరు మాత్రం ఇందాక భలే జారారండీ."

"చూశావా!"

"చూశాను. బావగారి ముందు చెబితే ఆయన చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

తిరుగు ప్రయాణం

బయలుదేరే ఉదయం డేవిడన్నయ్యతో చెప్పాం. ఆయన డబ్బాలు కారులో సర్దుతున్నవాడు ఆగాడు. చేతిలో ఉన్నదాన్ని మంచుమీద పెట్టాడు. "ఆ ఆకుపచ్చ తలుపువాళ్ళకు నేను మాటిచ్చేశాను కూడా" అన్నాడు. గొంతులో ప్రార్థన స్వరం లేదు, మామూలు మనిషి గొంతు. నాకు మొదటిసారి ఆయన్ని చూస్తే అసూయ కలగలేదు. అలవాటు లేక ఎటు చూడాలో తెలియలేదు.

"మేం వేసవిలో వస్తామండీ. అక్కడ కొండ ఎక్కిస్తారు కదా" అన్నాను.

నవ్వాడు. కార్లు రెండింటి మధ్యా గుండ్రంగా నిలబడ్డాం. అందరూ కళ్ళు మూసుకున్నాక, ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఈసారి తమ్ముడు ప్రార్థన చేస్తాడు" అన్నాడు.

వదినగారు తల వంచింది. కరుణ నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయినప్పటినుంచి నేను ఎదురుచూసిన ఘడియ అది. రెండు కళ్ళూ మూసుకున్నాను. మూసుకుంటే లోపల ఎంత చీకటిగా ఉంటుందో అప్పుడే తెలిసింది. వంతెనలు, లారీ డ్రైవర్లు, వాళ్ళ పిల్లలు, ఏదీ గుర్తు రాలేదు.

"ప్రభువా, అందరం ఇళ్ళకు చేరాలి. మా కార్లు మమ్మల్ని చేర్చనీ. ఆమెన్."

"ఆమెన్" అన్నాడు డేవిడన్నయ్య, అందరికంటే గట్టిగా.

జపాన్ కారు తాళంచెవి తిప్పగానే స్టార్టయింది. మిషిగన్ కారు, చలికే పుట్టినది, ఒకసారి దగ్గి ఊరుకుంది. డేవిడన్నయ్య తన కారు ముందుకు తెచ్చి, బానెట్ ఎత్తి, డిక్కీలోంచి తీగల చుట్ట తీశాడు. అది కూడా ఆయనకు సొంతమే.

మీరూ వెళ్ళదలిస్తే చెబుతున్నాను. బ్యాటరీకి బ్యాటరీ కలిపేటప్పుడు ఎర్రతీగ ముందు తగిలించాలి, నల్లది తరువాత.